పోటీ పరీక్షల ప్రత్యేకం: లినక్స్ ఫైళ్ల అమరికకు ప్రమాణం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు కోరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేవి. అందుకే అక్కడ నేటికీ ఒడియా, కువి, సవర భాషలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఇన్ని భాషల అనువాదాలు, ఫాంట్లు కావాల్సిన చోట ఏ లినక్స్ కంప్యూటర్‌లోనైనా ఏ ఫైలు ఎక్కడుంటుందో ముందే తెలియడం ఎంతో అవసరం. ఆ భరోసా ఇచ్చేదే ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ (ఎఫ్‌హెచ్‌ఎస్).

1994 ఫిబ్రవరిలో ఇది ఎఫ్ఎస్ఎస్‌టీఎన్‌డీ పేరుతో, లినక్స్‌కు మాత్రమే వచ్చింది. తర్వాత మరో యూనిక్స్ తరహా వ్యవస్థ అయిన బీఎస్‌డీ వర్గాలూ చేయి కలపడంతో పరిధి యూనిక్స్ తరహా వ్యవస్థలన్నిటికీ విస్తరించింది, పేరూ మారింది. 2015లో లినక్స్ ఫౌండేషన్ 3.0 వెర్షన్ విడుదల చేసింది. 'రన్' డైరెక్టరీ అందులోనే చేరింది.

పరీక్షకు ముఖ్యమైనవి: సెట్టింగులు 'ఈటీసీ'లో, లాగ్‌లు 'వార్'లో, వాడుకరుల ఫైళ్లు 'హోమ్'లో, తాత్కాలికమైనవి 'టీఎంపీ'లో. ప్రోగ్రాముల అనువాదాలు 'యూఎస్ఆర్' కింద 'షేర్'లోని 'లొకేల్'లో ఉంటాయి. తెలుగు, ఒడియాలకు అక్కడ వేర్వేరు ఫోల్డర్లుంటాయి. ప్రాసెసర్ మారినా మారని ఫైళ్లకు 'షేర్' స్థానం. ప్రాసెసర్‌ను బట్టి మారేవి, మారనివి అనే ఈ విభజనే ప్రమాణంలో అసలైన తెలివి.

సవర భాషకు 1936లో మంగెయ్ గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. దాని ఫాంట్‌ను అందరికీ అందేలా పెట్టాలంటే సాధారణంగా 'షేర్'లోని 'ఫాంట్స్' ఫోల్డరే చోటు. మన దేశపు లినక్స్‌లోనూ ఇదే అమరిక: కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తెచ్చిన బాస్ లినక్స్, డెబియన్ అనే లినక్స్ పంపిణీపై ఆధారితం. డెబియన్ కొన్ని మినహాయింపులతో ఎఫ్‌హెచ్‌ఎస్‌నే పాటిస్తుంది.