ఆటుపోట్లలో చంద్రుడిదే పైచేయి ఎందుకు?

చంద్రుడి ఆకర్షణ వల్ల ఆటుపోట్లు వస్తాయని బడిపిల్లలకూ తెలుసు. అసలు చిక్కు ప్రశ్న వేరు. భూమిని చంద్రుడి కన్నా సూర్యుడే దాదాపు 180 రెట్లు బలంగా లాగుతున్నాడు. మరి సముద్రంపై చంద్రుడి మాటే ఎలా చెల్లుతోంది?

ఇక్కడ లెక్కకు వచ్చేది మొత్తం ఆకర్షణ కాదు, భూమికి ఈ వైపు, ఆ వైపు ఆ ఆకర్షణలో ఉండే తేడా. అది దూరం ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. సూర్యుడు సుమారు 390 రెట్లు దూరంలో ఉన్నాడు కాబట్టి, అతని ప్రభావం చంద్రుడి ప్రభావంలో 46 శాతం దగ్గరే ఆగిపోతుంది.

చంద్రుడికి ఎదురుగా ఉన్న నీటిపై లాగుడు భూకేంద్రం మీదకన్నా ఎక్కువ, అవతలి నీటిపై తక్కువ. అందుకే రెండు వైపులా నీరు ఉబ్బుతుంది.  భూమి తిరుగుతూ ఈ రెండు ఉబ్బుల గుండా వెళ్తుంది కాబట్టి, చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల బలాలు కలిసి పర్వవేలా తరంగాలు (పెద్ద పోట్లు), అష్టమి ప్రాంతంలో లఘువేలా తరంగాలు (చిన్న పోట్లు) వస్తాయి.

తీరం ఆకృతీ ముఖ్యమే. విశాఖలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్ల లోపే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది దేశంలోనే అత్యధికం. కెనడాలోని ఫండీ అఖాతంలో దాదాపు 16 మీటర్లకు చేరుతుంది.