రెండో మాత్ర రోజు విడిచి రోజే ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. వాల్‌ప్రోయేట్ వాడుతున్నా ఫిట్స్ పూర్తిగా ఆగలేదు. ఇప్పుడు డాక్టరు గారు లామోట్రిజిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. రోజూ వేస్తే త్వరగా తగ్గుతుంది కదా అని అమ్మ. రెండు మందులు కలిస్తే ప్రమాదం, అసలు వద్దని నాన్న. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ రెండు మందుల విషయంలో అసలు ప్రమాదం తొందరలో ఉంది. లామోట్రిజిన్‌ను విరిచి బయటికి పంపేది కాలేయం. ఆ పని చేసే ఎంజైమును వాల్‌ప్రోయేట్ అడ్డుకుంటుంది. లామోట్రిజిన్ ఒక్కటే వాడే పెద్దవారి రక్తంలో అది సగానికి తగ్గడానికి 25 నుంచి 33 గంటలు పడితే, వాల్‌ప్రోయేట్ తోడైనప్పుడు 60 గంటలు దాటుతుంది. అంటే రోజు విడిచి రోజు వేసిన మాత్రే ఒంట్లో దాదాపు రోజూ వేసినంత పనిచేస్తుంది. అందుకే మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాతి రెండు వారాలు రోజూ 25 మిల్లీగ్రాములు, ఆపైన మెల్లగా పెంచడం పద్ధతి. వాల్‌ప్రోయేట్ లేకుండా ఫెనిటాయిన్ గానీ కార్బమజెపిన్ గానీ వాడేవారికి ఇదే మందు రోజుకు 50తో మొదలుపెడతారు. అవి దాన్ని త్వరగా బయటికి పంపేస్తాయి మరి. కాబట్టి పక్కింటివాళ్ల చీటీతో పోల్చుకోకండి.

తొందరపడితే దెబ్బ తగిలేది చర్మానికి. లామోట్రిజిన్‌తో తీవ్రమైన దద్దుర్లు పెద్దల్లో వెయ్యికి సుమారు ఒకరి నుంచి ముగ్గురికి, పిల్లల్లో ముగ్గురి నుంచి ఎనిమిది మందికి రావచ్చు. వాటిలో ప్రాణం మీదికి తెచ్చే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కూడా ఉంది. ఎక్కువగా రెండో వారం నుంచి ఎనిమిదో వారం లోపు కనిపిస్తాయి. వాల్‌ప్రోయేట్‌తో కలిపి వాడినా, ఎక్కువ డోసుతో మొదలుపెట్టినా, గబగబా పెంచినా ముప్పు పెరుగుతుంది. దద్దురు కనబడితే తర్వాతి లామోట్రిజిన్ మాత్రకు ముందే డాక్టరుతో మాట్లాడండి. జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, బొబ్బలు తోడైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వాల్‌ప్రోయేట్‌ను మాత్రం సొంతంగా ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు.

ఇంత ముప్పుంటే ఒక్క మందే చాలదా అని మీ నాన్నగారు అడగడం సబబే. 2000లో వెలువడిన గ్లాస్గో అధ్యయనంలో, అంతకుముందు మందులు వాడని 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. రెండు మందులు కలిపాక ఆగినవారు 3 శాతమే. అందుకే చాలామందికి ఒక్క మందుతోనే మొదలుపెడతారు. మీ తమ్ముడు ఆ దశ దాటాడు. అతను మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడా, వాల్‌ప్రోయేట్ డోసు సరిపోయిందా, దాని బదులు మరొకటి ఇవ్వొచ్చా అని డాక్టరును తప్పక అడగండి. ఇవన్నీ చూశాక కలపాలనుకుంటే ఈ జంట బలమైనదే. విడివిడిగా లొంగని ఫిట్స్ కొందరిలో రెండూ కలిస్తే లొంగుతాయి. అయితే చేతులు వణకడం, మత్తు, తల తిరగడం ఉంటే చెప్పాలి. డోసు సరిచేస్తే అవి తరచూ తగ్గుతాయి.

జాగ్రత్త అవతలి వైపు కూడా ఉంది. ఫిట్స్ ఆగాయి కదా అని వాల్‌ప్రోయేట్ మానేస్తే లామోట్రిజిన్ త్వరగా బయటికి పోయి రక్తంలో పడిపోతుంది, ఫిట్స్ తిరగబెడతాయి. లామోట్రిజిన్ చాలా రోజులు మానేసి మళ్లీ పాత డోసుతోనే మొదలుపెడితే దద్దుర్ల ముప్పు తిరిగొస్తుంది. ఈ జంటలో ఒకదాన్ని కదిపితే రెండోదీ కదులుతుంది. అందుకే చీటీలో రాసినట్టే నడవండి. మార్పు ఏదైనా డాక్టరుకు చెప్పాకే చేయండి.