ధర ఎక్కిన రోజుల్లో పికప్ వ్యాను: కొనడమా, కిరాయా?

సరకు రవాణాకు వాడే చిన్న బళ్ల ధరలు ఈ ఇరవై ఏళ్లలో బాగా ఎక్కినవి. 2005 మే నెలలో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ధర సుమారు రెండుంబావు లక్షలు. అంతకన్నా పెద్ద తరగతికి చెందిన మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ 2023 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు ప్రారంభ ధరే రు. 7.85 లక్షలు. దానిపై రిజిస్ట్రేషను, బీమా, తొట్టి పని కలిస్తే ఒకటిన్నర టన్ను మోసే బండి రోడ్డెక్కేసరికి పది లక్షల దరిదాపులకు చేరుతున్నది. ఇంత సొమ్ము బండిలో పెట్టడమా, కిరాయి బండ్లతోనే నెట్టుకురావడమా అన్నది చిన్న, మధ్యతరహా వర్తకులందరికీ ఎదురవుతున్న ప్రశ్న.

చాలామంది ఈ ప్రశ్నకు ధర చూసి జవాబు చెప్పుకుంటారు. ధర ఎక్కువగా ఉన్నదని కొందరు మానుకుంటారు. ఇంకా పెరుగుతుందని కొందరు తొందరపడతారు. లెక్క వేసి చూస్తే ధరలో లక్ష రూపాయల తేడా కన్న, ఏడాదిలో బండి ఎన్ని రోజులు సరకు మోస్తుందన్నదే లాభనష్టాలను ఎక్కువగా తేలుస్తుంది.

ధర పెరగడానికి కారణాలు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. డీజిల్ ఇంజన్లకు పొగను శుద్ధిచేసే పరికరాలు అదనంగా చేరి ధర పెరిగింది. 2023 ఏప్రిల్ నుంచి అదే ప్రమాణం రెండవ దశ వచ్చింది. మధ్యలో 2021లో ఎలక్ట్రానిక్ చిప్పుల కొరత, ఉక్కు ధరల పెరుగుదల తోడైనవి. ఇవి ఒక సీజనులో ఎక్కి మరో సీజనులో దిగే మిర్చి ధరల వంటివి కావు. ప్రమాణాల వల్ల పెరిగిన ధర మళ్లీ వెనక్కు పోదు. పన్ను వల్ల వచ్చిన మార్పు మాత్రం వేరు. సరకు రవాణా వాహనాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

గుంటూరు వర్తకుని లెక్క

గుంటూరు మిర్చి యార్డులో సరకు కొని కోల్డు స్టోరేజీలకు, కారం మిల్లులకు, నరసరావుపేట, విజయవాడ వంటి ఊళ్ల వ్యాపారులకు చేరవేసే ఒక దుకాణాన్ని ఉదాహరణగా తీసుకొందాం. బండి తిరిగిన రోజున సగటున 100 కిలోమీటర్లు తిరుగుతుందనుకొందాం. కింది అంకెలు లెక్క తీరు తెలియడానికి మాత్రమే. ఎవరి ఊరి ధరలు, కిరాయిలు వారు వేసుకోవాలి.

బండి తిరిగినా తిరగకపోయినా పడే ఏడాది ఖర్చు:

తరుగు (రు. 10 లక్షలకు కొని, ఐదేళ్లకు రు. 4.50 లక్షలకు అమ్మితే): రు. 1,10,000
పెట్టుబడిపై వడ్డీ (సగటున రు. 7.25 లక్షలపై 11 శాతం): రు. 80,000
బీమా, పన్ను, ఫిట్‌నెస్: రు. 45,000
డ్రైవరు జీతం (నెలకు రు. 15,000): రు. 1,80,000
మొత్తం: రు. 4,15,000

బండి తిరిగిన రోజున పడే ఖర్చు: లీటరుకు 13 కిలోమీటర్ల చొప్పున, లీటరు రు. 97 లెక్కన డీజిలు సుమారు రు. 750; టైర్లు, ఆయిలు, రిపేర్లు రు. 250, వెరసి రు. 1,000. అదే పనికి కిరాయి బండి రు. 3,000 అడుగుతుందనుకొంటే, సొంత బండి తిరిగిన ప్రతిరోజూ రు. 2,000 మిగులుతుంది. రు. 4,15,000ను రు. 2,000తో భాగిస్తే 208 రోజులు వస్తుంది. ఏడాదిలో 208 రోజులకు పైగా బండికి పని ఉంటేనే సొంత బండి లాభం. అంతకు తగ్గితే కిరాయే మేలు.

లక్ష తేడా ఎంత?

ఇప్పుడు అదే బండి ధర రు. 11 లక్షలైనదనుకొందాం. ఐదేళ్ల తరువాత వచ్చే ధర ఏమీ పెరగలేదనే అనుకొన్నా తరుగు ఏడాదికి రు. 20,000, వడ్డీ రు. 5,500 పెరుగుతవి. అంటే బండి తిరగవలసిన రోజులు 208 నుంచి 221కి పోతవి. కొత్త బండి ధరతోపాటు పాత బండి ధర కూడా అదే దామాషాలో పెరిగితే ఈ తేడా పది రోజులకు మించదు.

డ్రైవరు జీతం సంగతి చూస్తే, రు. 1,80,000 అంటే 90 రోజుల మిగులు. ఇంట్లోవారే బండి నడిపే దుకాణానికి 118 రోజుల పని ఉంటే చాలు. ఇంటి మనిషి శ్రమకు విలువ లేదని కాదు. ఆ మనిషి యార్డులో ఉండి చేయగల కొనుగోలు పని పోతుంటే దానినీ ఖర్చు కిందనే వేయాలి. లైసెన్సు విషయంలో సందేహం అక్కరలేదు. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది.

సీజను ఎన్నాళ్లు?

మిర్చి ఒక్కటే నమ్ముకొన్నవారికి ఇక్కడే చిక్కు. గుంటూరులో రాకడలు ముమ్మరంగా ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆపైన యార్డుకు వేసవి సెలవులు. తరువాత నడిచేది ఎక్కువగా కోల్డు స్టోరేజీ సరకే. ఆ వ్యాపారంలో బండికి నూరు, నూటఇరవై రోజులకు మించి పని చూపలేని దుకాణం జీతానికి డ్రైవరును పెట్టుకొని బండి కొంటే, ధర పది లక్షలైనా ఎనిమిది లక్షలైనా నష్టమే. ఎనిమిది లక్షలకు దొరికినా 180 రోజులకు పైగా పని కావాలి. నిజామాబాదు పసుపు వర్తకునికీ, మదనపల్లె టమాటా వర్తకునికీ సీజను నెలలు వేరైనా లెక్క ఇదే.

మిగతా రోజులకు పని చూపగలిగినవారి సంగతి వేరు. పత్తి, అపరాలు, ధాన్యం కూడా చేసేవారికి నెలలు ఒకదానికొకటి అతుకుతవి. పక్క దుకాణంతో కలిసి ఒక బండి వాడుకోవడం మరో దారి. ఖాళీ రోజుల్లో బండిని కిరాయికి తిప్పదలచినవారు ముందుగా బీమా పాలసీ చూసుకోవాలి. సొంత సరకుకే అని రాయించిన పాలసీపై పరాయి సరకు మోసి ప్రమాదం జరిగితే క్లెయిము చిక్కులో పడుతుంది.

పన్ను ఎవరికి ఖర్చు?

పన్నుకు ముందు రు. 8 లక్షల ధర ఉన్న బండి 28 శాతంతో రు. 10.24 లక్షలు, 18 శాతంతో రు. 9.44 లక్షలు అవుతుంది. తేడా రు. 80,000. కాని ఈ తగ్గింపు అందరికీ ఒకే విధంగా దక్కదు.

ఎండుమిర్చి, పసుపు వంటి పన్ను పడే సరకును అమ్మే రిజిస్టర్డు వర్తకుడు సరకు రవాణా బండిపై కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాబట్టుకోవచ్చు. కార్లకు ఉన్న నిషేధం సరకు బళ్లకు లేదు. అటువంటి వర్తకునికి పన్ను అసలు ఖర్చు కాదు. రేటు 28 అయినా 18 అయినా అతని నికర ధర దాదాపు ఒకటే. తాజా టమాటా, కూరగాయలు వంటి పన్ను లేని సరకు మాత్రమే అమ్మేవారికీ, కాంపోజిషను పద్ధతిలో ఉన్నవారికీ క్రెడిట్ రాదు. వారికి ఆ రు. 80,000 నికరమైన ఆదా. కాబట్టి పన్ను తగ్గిందన్న వార్త విని బండి కొనడానికి కదలవలసినది మదనపల్లె వర్తకుడే గాని గుంటూరు వర్తకుడు కాదు.

క్రెడిట్ తీసుకొన్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పన్ను భాగంపై ఆదాయపు పన్ను తరుగుదల కోరరాదు. బండిని తిరిగి అమ్మేటప్పుడు జీఎస్టీ కట్టవలసి ఉంటుంది. ఆడిటరుతో ముందే మాట్లాడుకొంటే మంచిది.

ఆగితే ఏమి పోతుంది?

బండి ధర తగ్గేదాకా ఆగడం ఉచితమని కొందరు అనుకొంటారు. పై లెక్కలో సొంత బండి రోజువారీ స్థిర ఖర్చు సుమారు రు. 1,140. ముమ్మరమైన సీజనులో ప్రతిరోజూ పని ఉంటే ఆ ఖర్చు పోను రోజుకు సుమారు రు. 860 మిగులుతుంది. నూరు రోజుల సీజను కిరాయి బండ్లతో గడిపితే పోయేది రు. 86,000. పన్ను తగ్గింపు వల్ల దక్కిన రు. 80,000కు ఇది దాదాపు సమానం. అదే సీజను కాని రోజుల్లో ఆగితే పోయేది ఏమీ లేదు; పైగా ఊరికే నిలబడే బండిపై రోజుకు రు. 1,140 ఆదా.

2025లో జరిగినది ఇందుకు మంచి ఉదాహరణ. జీఎస్టీ తగ్గిస్తామని ప్రధాని ఆగస్టు 15న ప్రకటించారు. సెప్టెంబరు 3న కౌన్సిల్ నిర్ణయించింది. సెప్టెంబరు 22న అమలయింది. మిర్చి, పసుపు వర్తకులకు అవి మందకొడి రోజులు. ఆ అయిదారు వారాలు ఆగినవారికి నష్టం లేదు. బీఎస్-6 కూడా చెప్పకుండా వచ్చినది కాదు. 2020 మార్చి తరువాత బీఎస్-4 బండ్లు అమ్మరాదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే చెప్పింది. బండి ధరను కదిలించే పెద్ద మార్పులు చాలావరకు ముందుగా తేదీ చెప్పి వస్తవి. మిర్చి ధర అలా రాదు. ఈ వెసులుబాటును వర్తకులు వాడుకోవాలి.

పాత బండి చవకేనా?

కొత్త బండ్ల ధర ఎక్కితే గిరాకి పాతవాటిపైకి మళ్లి వాటి ధర కూడా ఎక్కుతుంది. ఐదేళ్ల బండిని రు. 6 లక్షలకు కొని మరో ఐదేళ్లకు రు. 2 లక్షలకు అమ్మితే తరుగు ఏడాదికి రు. 80,000. పాత బండి అప్పుకు వడ్డీ ఎక్కువ. 13 శాతం చొప్పున రు. 52,000. అదనపు రిపేర్లకు రు. 40,000 వేస్తే మొత్తం రు. 1,72,000. కొత్తదానికి తరుగు, వడ్డీ కలిపి రు. 1,90,000. తేడా రు. 18,000 మాత్రమే. సీజనులో తొమ్మిది రోజులు షెడ్డులో పడితే ఆ ఆదా చెల్లు. అదే పాత బండి రు. 5 లక్షలకు దొరికితే తేడా రు. 44,500కు పెరుగుతుంది. కాబట్టి బేరం గట్టిగా ఆడవలసినది పాత బండి దగ్గరనే.

పాత బండి కొనేవారు ఆర్‌సీపై ఫైనాన్స్ పేరు తొలగినదా, చలానాలు బకాయి ఉన్నవా చూసుకోవాలి. 29, 30 ఫారాలపై సంతకాలు, పొరుగు రాష్ట్రం బండి అయితే నిరభ్యంతర పత్రం తీసుకొన్న తరువాతనే పూర్తి సొమ్ము చెల్లించాలి. బీమాను 14 రోజులలోగా తన పేరుకు మార్పించుకోవాలి. కొత్త బండికి ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకొకసారి ఫిట్‌నెస్ చాలు. ఆపైన ఏటా చేయించాలి.

అప్పు సంగతి

రు. 8 లక్షలు నాలుగేళ్లకు తగ్గే బాకీపై 11 శాతానికి తీసుకొంటే నెల వాయిదా సుమారు రు. 20,700. ‘ఫ్లాట్ 7 శాతం’ అంటే చవకగా వినిపిస్తుంది. కాని దాని వాయిదా రు. 21,333. తగ్గే బాకీ పద్ధతిలో అది 12½ శాతం పైచిలుకు. అడగవలసినది శాతం కాదు; నెల వాయిదా ఎంత, మొత్తం కట్టేది ఎంత అన్నది.

అంతకన్న ముఖ్యం, సరకు కొనడానికి బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ సొమ్మును బండిలో పెట్టరాదు. సరకు అమ్మితే సొమ్ము కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. బండిలో పెట్టినది ఐదేళ్లకు గాని రాదు, అదీ సగం. సీజను నడుమ మంచి సరకు చవకగా వచ్చిన రోజున చేతిలో సొమ్ము లేక పాట వదులుకొన్న వర్తకునికి బండి ఆ నష్టం తీర్చలేదు. వాయిదా జులై, ఆగస్టుల్లో కూడా వస్తుంది గనుక కనీసం నాలుగు నెలల వాయిదాలకు సరిపడే సొమ్ము విడిగా ఉంచుకొన్న తరువాతనే సంతకం పెట్టాలి.

బరువు చూసి బండి

ఒకటిన్నర టన్ను బండిలో 45 కిలోల టిక్కీలు 33 పడతవి. యాభై వేస్తే అధిక బరువు కింద రు. 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు రు. 2,000 చొప్పున జరిమానా. అది పది రోజుల మిగులు. బండితో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలకు మించకపోతే పర్మిట్ అక్కరలేదు, మించితే కావాలి. రోజుకు పదిహేను టిక్కీలకు మించని దుకాణానికి ముప్పాతిక టన్ను బండి చాలు. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో వచ్చినప్పుడు దాని ప్రారంభ ధర రు. 3.99 లక్షలు.

షోరూముకు పోయేముందు గత రెండేళ్ల కిరాయి రసీదులు తీసి, ఎన్ని రోజులు బండి పిలిచారో, రోజుకు ఎన్ని బస్తాలు పంపారో, ఎంత చెల్లించారో రాసుకోవాలి. ఆ రోజుల సంఖ్య పై లెక్క ప్రకారం వచ్చిన సంఖ్యను దాటితే ధర ఎక్కువైనా కొనవచ్చు. దాటకపోతే ధర తగ్గినా కిరాయి బండే చౌక.