సెలూన్ కార్మికుల ఆరోగ్యం: పరీక్షార్థులకు అవగాహన

వృత్తిపరమైన వ్యాధుల మీద ప్రశ్న వస్తే అభ్యర్థులు సిలికోసిస్, ఆస్బెస్టాసిస్ రాసి ఊరుకుంటారు. గనులు, ఫ్యాక్టరీలు గుర్తొచ్చినట్టు వీధి చివరి సెలూన్ గుర్తురాదు. అసంఘటిత రంగం, ప్రజారోగ్యం, కార్మిక చట్టాలు మూడూ కలిసే అంశం సెలూన్ కార్మికుల ఆరోగ్యం.

గాలిలో కలిసే రసాయనాలు

జుట్టు రంగు తేల్చే బ్లీచ్ పొడిని గిన్నెలోకి వంచేటప్పుడు సన్నటి తెల్లటి దుమ్ము లేస్తుంది. అందులో పర్‌సల్ఫేట్ లవణాలుంటాయి. వాటిని రోజూ పీల్చేవారిలో కొందరికి తుమ్ములు, ముక్కు కారడంతో మొదలై ఉబ్బసం దాకా వెళ్తుంది. సెలవు రోజుల్లో తగ్గి, పనిలోకి దిగగానే తిరగబెడితే అది వృత్తిపరమైన ఉబ్బసమని అనుమానించాలి.

స్ట్రెయిటనింగ్, కెరాటిన్ ట్రీట్‌మెంట్లలో వాడే కొన్ని ద్రావణాల నుంచి, ఐరన్ వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. కళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. ఏసీ కోసం తలుపులు బిగించిన గదిలో ఆ పొగ బయటికి పోయే దారే ఉండదు. కస్టమర్ ఏ ఆరు నెలలకో ఒకసారి పీల్చేదాన్ని కార్మికులు వారంలో ఎన్నోసార్లు పీలుస్తారు. ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని లేబుల్ ఉన్న ఉత్పత్తుల్లోనూ అది బయటపడిందని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ‘ఓషా’ 2011లో హెచ్చరించింది.

తికమక పెట్టే వర్గీకరణ

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ (ఫ్రాన్స్‌లోని లియాన్) ఫార్మాల్డిహైడ్‌ను గ్రూప్-1లో, అంటే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. క్షౌర వృత్తిలో ఎదురయ్యే రసాయనాల ప్రభావాన్ని గ్రూప్-2ఏలో పెట్టింది. అంటే బహుశా క్యాన్సర్ కారకం. దీనికి ముఖ్య ఆధారం మూత్రాశయ క్యాన్సర్. సొంతంగా రంగు వేసుకునేవారి విషయం గ్రూప్-3లో ఉంది. అంటే తేల్చడానికి ఆధారాలు చాలవు. వృత్తిలోని ముప్పునూ, సొంత వాడకాన్నీ కలిపేసి రాయకూడదు.

చేతులు

పదేపదే షాంపూ నీళ్లలో నానితే చర్మంపై సహజమైన నూనె పొర పోతుంది. వేళ్ల సందులు ఎర్రబడి, పగిలి, రసి కారతాయి. కొత్తగా పని నేర్చుకునేవారికి తలలు కడిగే పనే ముందు అప్పగిస్తారు కాబట్టి మొదట దెబ్బతినేది వాళ్లే. పగిలిన చర్మం మీద పీపీడీ (పారాఫెనిలీన్‌డయమిన్) ఉన్న రంగు పడితే అలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చిన ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం వదలదు. కొందరు వృత్తే మానుకోవాల్సి వస్తుంది. రంగు వేసేటప్పుడే కాదు, ఆ తల కడిగేటప్పుడూ నైట్రైల్ గ్లవుజులు ఉండాలి.

ఇతర ముప్పులు

గంటల తరబడి నిలబడటం వల్ల నడుము నొప్పి, కాళ్లలో సిరలు ఉబ్బడం. చేతులెత్తి పనిచేయడం వల్ల భుజాల నొప్పి. కత్తి గాట్ల వల్ల రక్తం ద్వారా సోకే హెపటైటిస్-బి ముప్పు ఉంది. దానికి టీకా ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. మన దేశంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 సాధారణంగా 10 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది. రెండు మూడు కుర్చీల షాపు దాని పరిధిలోకి రాదు.

పథకాల విషయానికొస్తే, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షౌర వృత్తి ఉంది; పనిముట్లకు రూ.15,000 వరకు ఇస్తారు. తెలంగాణ ప్రభుత్వం నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్‌ను 2021లో ప్రకటించింది. రెండూ మంచివే. కానీ అవి ఉపాధికి ఊతం, ఊపిరితిత్తులకు రక్ష కాదు. ఆ పనిముట్ల సాయంలోనే గ్లవుజులు, మాస్కు, పొగను బయటికి లాగే ఫ్యాన్ చేర్చాలి. హెపటైటిస్-బి టీకా ఉచితంగా వేయాలి.