చిన్న మూలమట్టమును ఎన్నుకొనుట

వడ్రంగపు పనిముట్లలో రంపము కోయును, ఉలి తొలుచును, చిత్రిక నునుపు చేయును. మూలమట్టము మాత్రము కొయ్యపై గీతకు దారి చూపి ఊరకుండును. ఆ కారణముచేత విద్యార్థులు తక్కిన పనిముట్లను పరీక్షించి కొందురు గాని, మూలమట్టము విషయమున చేతికందినదానిని తెచ్చుకొందురు. ఇది పొరపాటు. గీత వంకరైనచో, పదునుగల రంపము ఆ వంకరనే విశ్వాసముతో అనుసరించును. కోసిన కొయ్య మరల అతుకదు.

మూలమట్టమునకు అంగములు రెండు. మందమైనది పిడి, పిడినుండి వెలువడు సన్నని ఉక్కుపట్టె రేకు. మన హైదరాబాదులో ఉర్దూ మాటలాడు పనివారు ఈ పనిముట్టును గునియా అందురు. పిడికిని రేకునకును నడుమ కోణము 90 డిగ్రీలు ఉండవలెను. దీని విలువ యంతయు ఈ యొక్క సంగతియందే యున్నది.

నా పొరపాటు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో చదువు కొరకై వచ్చి అద్దెగదులలో నివసించు విద్యార్థులు పెక్కురు. అట్టి గదిలోనున్న మా బంధువుల పిల్లవానికి నేనొకప్పుడు పుస్తకముల అర చేయబూనితిని. వాని తండ్రి తన సంపాదనలో మిగిల్చి టేకు పలకలు కొని యిచ్చెను. ఒక అంగడిలో చవుకగా దొరకిన 4 అంగుళముల మూలమట్టముతో నేను గీతలు గీసితిని. పలక వెడల్పు 250 మిల్లీమీటర్లు. రేకు చాలనిచోట కొలబద్దను ఆనించి గీతను పొడిగించితిని. గాళ్లు తొలిచి పలకలను కూర్చగా, ముందువైపు అతుకు కలిసెను గాని వెనుకవైపు నోరు తెరచెను. ఆ మూలమట్టమున అర డిగ్రీ దోషముండెను. అర డిగ్రీ అనగా 250 మిల్లీమీటర్లకు సుమారు 2.2 మిల్లీమీటర్లు.

వంకర గాళ్లున్న మేర నిలువు పలకలను కోసివేయవలసి వచ్చెను. అర పొట్టిదాయెను. పెద్ద పుస్తకములు దానిలో నిలువుగా పట్టలేదు. వానిని పిల్లవాడు మంచము క్రిందనే ఉంచుకొనెను. తప్పు అంగడివానిదని కొన్నినాళ్లు అనుకొంటిని. కాని పరీక్షింపక కొన్నవాడను నేనే. పరీక్షింపక గీసినవాడను నేనే.

పరీక్షించు విధము

మూలమట్టమును పరీక్షించుటకు మరియొక మూలమట్టముతో పనిలేదు. తిన్నని అంచుగల ప్లైవుడ్డు ముక్క యొకటి, సన్నగా చెక్కిన పెన్సిలు ఒకటి చాలును. పిడిని అంచునకు గట్టిగా ఆనించి, రేకు వెంబడి ఒక గీత గీయుడు. పిమ్మట మూలమట్టమును బోర్లించి, పిడి ఎడమవైపున నున్నచో కుడివైపునకు మార్చి, అదే బిందువునుండి రెండవ గీత గీయుడు. రెండు గీతలును ఒకటైనచో పనిముట్టు నమ్మదగినది. గీతలు పోనుపోను ఎడమైనచో దోషము కలదు.

ఈ పరీక్షయందలి గుణమేమనగా, ఇది దోషమును రెట్టింపు చేసి చూపును. 100 మిల్లీమీటర్ల దూరమున గీతల నడుమ 1 మిల్లీమీటరు ఎడమున్నచో, అసలు దోషము అర మిల్లీమీటరే. కంటికి కానరాని చిన్న తప్పు కూడ ఇట్లు బయటపడును. క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ లంబకోణమును నిర్వచించినదియు ఈ భావముతోనే: ఒక సరళరేఖ మరియొక సరళరేఖపై నిలిచి ఇరువైపుల సమానకోణములు చేయునపుడు, ఆ కోణములు లంబకోణములగును. గణితపు తరగతిలో చదివిన నిర్వచనము వడ్రంగపు బల్లపై పరీక్షగా మారినది.

అయితే ప్లైవుడ్డు అంచు తిన్నగా నుండవలెను. దానిని కూడ ఇట్లే పరీక్షింపవచ్చును. అంచు వెంబడి కాగితముపై గీత గీసి, ముక్కను ఆ గీతకు ఆవలివైపునకు బోర్లించి, అదే అంచును గీతకు ఆనించి మరల గీయుడు. గీతల నడుమ సందు లేకున్నచో అంచు తిన్ననిది.

ఏ పరిమాణము?

జేబులో పెట్టుకొనుటకు 75 లేక 100 మిల్లీమీటర్ల రేకు తగినది. బల్లకాళ్లు, చట్రపు కమ్ములు సామాన్యముగా 40 నుండి 75 మిల్లీమీటర్ల వెడల్పు గలవి. వీనిపై కుసికిని బెజ్జమునకును గీతలు గీయునపుడు పెద్ద మూలమట్టము తన బరువుచేతనే ఒరిగిపోవును. చిన్నది బొటనవ్రేలి ఒత్తిడితో కదలక నిలుచును. జేబులోనున్న పనిముట్టు గీత గీయు ప్రతి తరుణమునను చేతికి వచ్చును. పెట్టెలోనున్నదానిని తీయుటకు బద్ధకించి మనము కంటి అంచనాతో గీయుదుము.

వెడల్పైన పలకకు మాత్రము చిన్నది పనికిరాదు. రేకును మించి గీతను పొడిగించినచో దోషము కూడ పొడుగగును. పెద్ద చట్రములకు 300, 400, 500 మిల్లీమీటర్ల త్రిభుజపు కొలత మేలు. దీనికి మూలమైన కర్ణసూత్రము మన ప్రాచీన శుల్బసూత్రములయందే కలదు.

అంగడిలో చూడవలసినవి

అమీర్‌పేటనుండి బేగంపేట మీదుగా సికింద్రాబాదు వైపు పోయినచో రాణిగంజులో ఇనుప సామగ్రి అంగళ్లు పెక్కు గలవు. అచటికి పోవునపుడు ప్లైవుడ్డు ముక్కను, పెన్సిలును వెంట తీసికొనిపోవుడు. పరీక్షింపనిచ్చు అంగడిలోనే కొనుడు.

కొయ్యపిడి గలది చూపునకు ఇంపుగా నుండును. కాని కొయ్య మే నెలలో ఎండి ముడుచుకొనును. శ్రావణమాసపు తేమకు ఉబ్బును. అట్టిదానిని కొన్నచో, పలకకు ఆనెడు ముఖమున ఇత్తడి తాపడమున్నదానిని కొనవలెను. పిడియు రేకును ఉక్కువే యైనది ఇట్టి మార్పులకు లోనుగాదు. రేకు జారునట్టి రకము మరియొకటి. లారాయ్ స్టారెట్ అను అమెరికా దేశీయుడు 1879లో పేటెంటు పొందిన జారు మూలమట్టపు వంశములోనిదే ఇది. దీనితో బెజ్జపు లోతును కూడ కొలువవచ్చును. కాని మర సడలినచో కోణము చెడును. గీయుటకు ముందు బిగించి చూడవలెను.

మొదటి పనిముట్టుగా కొనువారికి 100 మిల్లీమీటర్ల ఉక్కు మూలమట్టమునే నేను చెప్పుదును. పేరు, మెరుగు, ధర అను మూటికంటె రెండు గీతల సాక్ష్యము గొప్పది.

కాపాడుట

ఒకమారు నేలపై పడిన మూలమట్టమును పరీక్షింపక వాడరాదు. పిడితో మేకులు కొట్టరాదు. వానకాలమున చేతిచెమట తుడిచి, నూనెగుడ్డతో రాచి, చిన్న గుడ్డసంచిలో ఉంచినచో త్రుప్పు పట్టదు.

అభ్యాసము

1. మీ యింటనున్న మూలమట్టమును పై విధమున పరీక్షించి, గీతల ఎడమును కొలిచి వ్రాయుడు. అసలు దోషమెంత?

2. 50 మిల్లీమీటర్ల చదరపు కమ్మి చుట్టును, అర డిగ్రీ దోషముగల మూలమట్టముతో ఒకేవైపుగా తిప్పుచు నాలుగు గీతలు గీసినచో, తుదిగీత మొదటిగీతను ఎంత దూరములో తప్పును? (సుమారు 1.7 మిల్లీమీటర్లు రావలెను.)

3. పరీక్షకు నిలిచిన మూలమట్టమును మీ గది గోడల మూలలో ఆనించి చూడుడు. గోడ చతురస్రముగా లేనిచో, అచట ఇమిడింపదలచిన అరను గోడననుసరించి చేయవలెనా, మూలమట్టముననుసరించి చేయవలెనా? కారణముతో వ్రాయుడు.