సూది మీద నంబరు చూసి మోసపోకండి

దసరా దాటిందంటే ఊలు గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి నాలుగింటికి జవాబులిస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు పట్టింది. ఆ అమ్మమ్మకి జరిగిందే ఇంకా చాలామందికి జరుగుతోంది.

ప్రశ్న: మా మనవరాలికి మూడేళ్లు. అమెరికాలో ఉంటారు. మా అమ్మాయి అక్కడి స్వెట్టరు డిజైను ఒకటి పంపింది. చుట్టుకొలత 24 అంగుళాలు, 108 కుట్లు, 8వ నంబరు సూదులు అని రాసుంది. 8వ నంబరు సూదులు నా పెళ్లికి ముందునుంచీ నా దగ్గర ఉన్నాయి. పొల్లు పోకుండా అందులో ఉన్నట్టే అల్లాను. పండక్కి వచ్చినప్పుడు తొడగబోతే పాపకి ఒంటికి దిగలేదు. నెలన్నర కష్టం. ఎక్కడ తప్పు చేశాను? – ఒక అమ్మమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ అల్లికలో తప్పేమీ లేదు. తేడా అంతా ఆ నంబరులో ఉంది. మన బజార్లో దొరికే సూదులకు పాత బ్రిటిష్ నంబర్లు ఉంటాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్క దీనికి తలకిందులు, నంబరు పెరిగితే సూది లావవుతుంది. మీ 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లు, వాళ్ల 8వ నంబరు సూది 5 మిల్లీమీటర్లు. ఆ డిజైనుకు మన లెక్కలో కావలసింది 6వ నంబరు సూదులు. ఇకమీదట ఏ డిజైను వచ్చినా ముందు మిల్లీమీటర్లు ఎంతో చూడండి, అదొక్కటే ఏ దేశంలోనైనా మారదు.

అయితే సూదులు మార్చినంత మాత్రాన సరిపోదు. డిజైను మొదట్లో ‘4 అంగుళాలకు 18 కుట్లు’ అనే మాట ఉండి ఉంటుంది, వెతకండి. మీ లెక్క దాంతోనే తేలుతోంది: 108 కుట్లను 18తో భాగించి 4తో గుణిస్తే సరిగ్గా 24 అంగుళాలు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే డబుల్ నిట్టింగ్ ఊలుతో, 4 మిల్లీమీటర్ల సూదుల మీద, మామూలు చేతికి 4 అంగుళాల్లో 22 కుట్లు పడతాయి. అప్పుడు అవే 108 కుట్లు ఇరవై అంగుళాలైనా రావు. పాప ఒంటికి దిగకపోవడంలో వింతేముంది?

విప్పడానికి మనసు ఒప్పకపోయినా విప్పండి, ఊలు ఎక్కడికీ పోదు. విప్పిన ఊలును కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా ముడులు వేసి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి నీడన వేలాడదీయండి. మెలికలన్నీ సాగి నున్నగా వస్తుంది. ఈ ఊలు ఆ డిజైనుకు సన్నం కాబట్టి లావు సూదులు పట్టుకుంటే అల్లిక జల్లెడలా వస్తుంది. మీ పాత సూదులే ఉంచుకుని, అదే డిజైనులో 132 కుట్లకు దగ్గరగా ఉన్న పెద్ద సైజు పట్టుకోండి. మీ చేతికి అది 24 అంగుళాలే వస్తుంది. పొడవులకు మాత్రం వరుసలు లెక్కపెట్టొద్దు, పాప పాత గౌను ఒకటి పక్కన పెట్టుకుని టేపుతో కొలుస్తూ అల్లండి.

వీటన్నిటికంటే ముందు నమూనా ముక్క. సూది మీద 30 కుట్లు ఎక్కించి ఐదారు అంగుళాలు అల్లండి. స్వెట్టరును ఎలా ఉతుకుతారో దాన్నీ అలాగే ఉతికి ఆరేయండి. ఆరాక అంచులు వదిలేసి మధ్యలో 4 అంగుళాలకు ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. కుట్లు ఎక్కువ పడితే లావు సూదికి, తక్కువ పడితే సన్న సూదికి మారాలి. ఒక సాయంత్రం పని. ఈ ఒక్క సాయంత్రం మిగుల్చుకుందామని నెలల కష్టం పోగొట్టుకున్నవాళ్లను చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రశ్న: చిన్నప్పటినుంచీ క్రోషా లేసు అల్లుతున్నాను. ఇప్పుడు రెండు సూదులతో స్వెట్టరు నేర్చుకోవాలనుంది. ఇంట్లో ఉన్న నూలు దారంతోనే మొదలుపెట్టవచ్చా? – పాలకొల్లు నుంచి ఒక సోదరి

జవాబు: లేసు అల్లిన చేతికి దారాన్ని ఒకే బిగువులో పట్టడం వచ్చేసి ఉంటుంది. కొత్తవాళ్లకు అది పట్టుబడటానికే నెలలు పడుతుంది. మీరు అలవాటు పడాల్సింది ఒక్కటే. క్రోషాలో ఒక్క కుట్టే తెరిచి ఉంటుంది, మిగతావన్నీ ముడిపడిపోతాయి. ఇక్కడ వరుసలో ఉన్న కుట్లన్నీ సూది మీదే తెరిచి ఉంటాయి. ఒకటి జారితే కింది వరుసలదాకా నిచ్చెనలా ఊడుతూ పోతుంది. కంగారు పడొద్దు, మీ క్రోషా కొక్కెంతోనే ఒక్కో మెట్టూ పట్టి పైకి లాక్కోవచ్చు.

లేసు దారం మాత్రం వద్దమ్మా. 40 నంబరు దారం 20 కంటే సన్నమని మీకు నేను చెప్పనక్కర్లేదు, స్వెట్టరుకు ఆ రెండూ చాలవు. లావు నూలు తెచ్చుకున్నా నూలుకు సాగి మళ్లీ ముడుచుకునే గుణం లేదు, పైగా బరువు. మా అమ్మకి ఒకసారి నూలుతో పొడుగు చేతుల స్వెట్టరు అల్లాను. నాలుగు ఉతుకులకు తొడల మీదికి జారింది, నడుము దగ్గరి పట్టీ వదులై వేలాడింది. అమ్మ ఏమీ అనలేదు, మడిచి పెట్టెలో పెట్టుకుంది. నూలుతో చేసంచి, చేతిగుడ్డలు, పసిపిల్లల చేతుల్లేని చొక్కాలు బాగుంటాయి. మొదటి స్వెట్టరుకు లేత రంగు డబుల్ నిట్టింగ్ ఊలు, 4 మిల్లీమీటర్ల వెదురు సూదులు కొనుక్కోండి. లేత రంగులో కుట్టు కంటికి ఆనుతుంది, వెదురు మీద కుట్లు జారవు. చేయి తిరిగాక స్టీలు సూదులకు మారితే వేగం వస్తుంది.

ప్రశ్న: మా చెల్లెలికి సంక్రాంతి నాటికి పురుడు. బిడ్డకి టోపీ, మేజోళ్లు అల్లుతున్నాను. మా అత్తయ్యగారు అసలు ఉన్నే కావాలంటున్నారు. దుకాణంలో ‘ప్యూర్ ఊల్’ అని ఇచ్చింది నిజంగా ఉన్నేనా? – విజయనగరం

జవాబు: జానెడు పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర నిలబడి అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది. నూలుకు కాగితం కాలిన వాసన.

అత్తయ్యగారి మాటలో న్యాయం ఉంది, ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుంది. కాకపోతే ముతక ఉన్ని పసి ఒంటికి గుచ్చుకుంటుంది. లావు పోగుల కొసలు పొడుచుకోవడం వల్లే ఆ దురద. గొంగళ్లు నేసే మన దక్కనీ గొర్రెల ఉన్ని గొంగడికి బంగారమే గానీ బిడ్డ చెంపకు తగలకూడదు. ఉన్నే కావాలంటే మెరినో తీసుకోండి. కొనేటప్పుడు వేళ్లతో కాకుండా మెడకు, దవడ కింద రుద్దుకుని చూడండి. ఉన్నిని వేడినీళ్లలో వేసి నలిపితే ముద్దకట్టి కుదించుకుపోతుంది, ఆ సంగతి చెల్లెలికి చెప్పి మరీ ఇవ్వండి. రోజూ ఉతికే బట్టలకు మెత్తటి యాక్రిలిక్ కూడా పనికొస్తుంది, ఇస్త్రీ మాత్రం తగలనివ్వొద్దు. మంట తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది కనుక, ఆ టోపీతో బిడ్డని భోగిమంట దగ్గరికి తీసుకెళ్లొద్దు. చిల్లుల డిజైన్లు మేజోళ్లకు వద్దు, బిడ్డ వేళ్లు చిక్కుకుంటాయి. నూగు రేగే ఊలు కూడా వద్దు, నోట్లోకి పోతుంది.

ప్రశ్న: ఒక చేయి మిగిలుండగా ఊలు అయిపోయింది. అదే కంపెనీ, అదే రంగు తెచ్చినా తేడా కనిపిస్తోంది. – ఆదిలాబాద్

జవాబు: రెండు ఉండల చీటీలు పక్కపక్కన పెట్టి చూడండి. రంగు నంబరు ఒకటే అయినా లాట్ నంబరు వేరై ఉంటుంది. ఒక్కో దఫా రంగు వేసినప్పుడు ఛాయ కాస్త మారుతుంది. అందుకే ఊలంతా ఒకేసారి, ఒకే లాట్‌లో, ఒక ఉండ ఎక్కువే కొనాలి. ఇప్పుడైతే అల్లేసిన చేతిని పూర్తిగా విప్పండి. ఆ పాత ఊలుతో రెండు వరుసలు, కొత్తదాంతో రెండు వరుసలు మార్చి మార్చి అల్లుకుంటూ పైకి వెళ్లండి. రెండో చేతిని కూడా మొదటినుంచీ అలాగే అల్లితే రెండూ జతగా కనిపిస్తాయి. ఆ పాత ఊలు చాలకపోతే మెడ పట్టీ కూడా విప్పి, దాన్నీ, రెండు చేతుల మణికట్టు పట్టీలనూ పూర్తిగా వేరే రంగుతో అల్లేయండి.