ఇజెన్ నీలిమంట ఉబ్బసం ఉన్నవాళ్లకు తగునా?

ప్రశ్న: బాలి వెళ్తున్నాం. జావాలోని ఇజెన్ అగ్నిపర్వతం కూడా ఎక్కుదామని మావారి పట్టు. నాకు ఉబ్బసం. వెళ్లొచ్చా?

జవాబు: ఎక్కడం కంటే బిలంలోకి దిగడంతోనే చిక్కమ్మా. నడక మొదలయ్యే పాల్టుడింగ్ నుంచి బిలం అంచు దాకా సుమారు 3 కిలోమీటర్లు. ఏటవాలే అయినా ఆగి ఆగి నడవొచ్చు. నీలిమంట మాత్రం బిలం లోపల, చీకట్లోనే కనిపిస్తుంది. అక్కడ మండేది లావా కాదు, గంధకపు వాయువులు. గాలి మళ్లితే సల్ఫర్ డయాక్సైడ్ మీ మొహానికే కొడుతుంది. ఉబ్బసాన్ని నిమిషాల్లో రేపుతుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. యాసిడ్ వాయువుల్ని వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుంటే, మీకు ఊపిరి తీసుకోవడమే కష్టం కావచ్చు. కాబట్టి లోపలికి దిగొద్దు, మీవారు ఎంత బతిమాలినా సరే! డాక్టరు సరేనంటే, తెల్లారాక అంచు దాకా వెళ్లండి. ఆకుపచ్చ ఆమ్లపు సరస్సు పైనుంచే కనిపిస్తుంది. ఇన్హేలర్ చేతికందేలా ఉంచుకోండి. పొగ మీవైపు తిరిగితే వెంటనే వెనుదిరగండి.